వెనుక సీటు

ఉగాండా రాజధాని కంపాలలో ఒక చిన్న అప్పుల పథకమునకు స్వచ్ఛందసేవ చేయబోయిన నా మిత్రుని కుమార్తె, తాను దినమునకు నాలుగైదు మారులు ఎక్కవలసివచ్చుచున్న మోటారుసైకిలు టాక్సీలను గూర్చియు, పూర్వము కెన్యా ఉగాండాల సరిహద్దు ఠాణాల నడిమి నేలను సైకిళ్ళపై జనులను దాటించు కుర్రవాండ్రు ‘బార్డర్, బార్డర్’ అని కేకలు పెట్టుటచే వానికి ‘బోడా బోడా’ యను పేరు వచ్చుటను గూర్చియు, భయవిస్మయములతో నాకొక ఉత్తరము వ్రాసినది. చదివి నవ్వుకొంటిని, ఏలయన, ఉక్కు కర్మాగారమున పదవీ విరమణ చేసినది మొదలు, ఏ సరిహద్దును దాటకయే, ఈ విశాఖపట్టణముననే నేనును ఆమె చేయు పనియే చేయుచున్నాను.

వారమునకు రెండు దినములు మల్కాపురము వైపు వాడలలోని పొదుపు సంఘములకు పుస్తకములు వ్రాసిపెట్టుట నా వ్యాపకము. పల్లెల స్త్రీలకై డ్వాక్రా యను పథకము పుట్టినది 1982లో. పట్టణములకు మెప్మా యను పేదరిక నిర్మూలన సంస్థ వచ్చినది 2007లో. ప్రభుత్వములు పేర్లెన్ని మార్చినను ఇచటి స్త్రీలకు సంఘమన్న డ్వాక్రాయే, అప్పన్న డ్వాక్రా లోనే.

ముప్పది యేండ్లు కూర్మన్నపాలెపు గేటునకు నా స్కూటరు నేనే నడుపుకొని పోయినవాడనగుటచే, బైకు టాక్సీ యెక్కిన క్రొత్తలో మలుపు మలుపునకును నా కుడికాలు లేని బ్రేకును త్రొక్కెడిది. 1941లో ఓడల నిర్మాణశాలను నెలకొల్పిన సింధియా కంపెనీ పేరు నేటికిని మోయుచున్న ఆ కూడలి దాటి, చమురు ట్యాంకరుల నడుమ బండి ఎడమకు వాలగా, నేను ప్రాణభీతిచే కుడికి వాలుదును, బండి తూలును. “ఎదురు వాలకండి సార్, బండితోపాటే వాలిపోండి, నేను సూసుకుంతాను” అని ఒక కుర్రవాడు విసుగును అణచుకొని చెప్పినాడు. ఇరువది యేండ్లు నిండని వాని నడుపుబడికి నా అరువది యేండ్ల శరీరమును అప్పగించుట నేర్చుకొనుటకు నాకు రమారమి రెండు మాసములు పట్టినది. తెల్లచొక్కా తొడుగుట మాత్రము మొదటి వారముననే మానుకొంటిని.

వాడ మొగదలనే బండి ఆపించి నడచిపోవుట నా అలవాటు. సూక్ష్మఋణ సంస్థల వసూలుదారులు వారపు కిస్తీలకై మోటారుసైకిళ్ళ మీదనే వచ్చెడివారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, వారపు కిస్తీని నెల కిస్తీగా మార్చి, ఇండ్లకడ వసూళ్ళను మాన్పించినది. ఇన్నేండ్లు గడచినను, గుమ్మము ముందు అపరిచితమైన బండి ఆగిన శబ్దమునకు బియ్యము చెరుగుచున్న చేయి తటాలున నిలిచిపోవుట నేనొకనాడు చూచితిని. నాటినుండి నడకయే.

గడచిన మంగళవారము, గాజువాక దాటుచుండగా, “ఈ బండి మా అమ్మ డ్వాక్రా లోనుతో కొన్నదేనండి, కాయితంలో కుట్టుమిషనని రాయించింది” అని నన్ను తీసికొనిపోవు కుర్రవాడు మాటవరుసకు అన్నాడు. నేనెవరినో వానికి తెలియదు. సంఘమువారి సూక్ష్మఋణ ప్రణాళికలో ఏ సభ్యురాలికి ఎంత, ఏ పనికి అని గళ్ళు నింపువాడను నేనే; ఆ గళ్ళలో మిషనులును గేదెలును ఎన్ని వ్రాసియుంటినో! కుట్టుమిషనునకును చక్రమున్నది, బండికిని చక్రమున్నది, కూటికి వచ్చునది ఏది తిరిగిన నేమని ఒక తర్కము తోచినది గాని, పుస్తకము వ్రాయువానికి అది తగిన తర్కము కాదు. బ్యాంకు చూచునది గడిలోని మాటను. తోడి సభ్యురాండ్రు చూచునది కిస్తీ కట్టు మనిషిని. ఒకతె తప్పినచో ఆ భారము తమ మెడకే చుట్టుకొనునని వారికి తెలియును గనుక, వారి విచారణ నా విచారణకంటె కఠినమైనది.

నాడు సంఘమున పదుగురును వచ్చినారు. తీర్మానము వ్రాసి, ఒక్కొక్కరిని అడుగుచు వచ్చితిని. ఏడవ యామె, “కుట్టుమిషను రాసుకోండి బాబూ” అన్నది. తక్కిన తొమ్మండుగురును తలలూపిరి. ఆమె కుమారుడు గుమ్మమున నిలువబడి ఫోనులో బండ్ల బొమ్మలు ఒకదానివెంట నొకటి జరుపుకొనుచున్నాడు.

కుట్టుమిషనని వ్రాసితిని.