538 పక్కన ఒక కామెంటు

ఈ వారం నా చిరాకుకు కారణం ట్యాబ్ కీ. మా మేనకోడలూ ఇద్దరు స్నేహితులూ కలిసి పాలమూరు చెరువుల పట్టికకు పైథాన్‌లో ప్రోగ్రామ్ రాస్తున్నారు. ఒకడిది గద్వాల, ఇంకొకడిది వనపర్తి, మా పిల్లది నాగర్‌కర్నూల్. లైను ముందు ట్యాబ్ కొట్టాలా, ఖాళీలు వదలాలా అని పని ఆపి కూర్చున్నారు. పైథాన్ వాళ్ల కోడ్ శైలి నియమాల పత్రం పెప్ 8 నాలుగు ఖాళీలని 2001లోనే చెప్పింది. లినక్స్ కెర్నల్‌లో ఎనిమిది అక్షరాల ట్యాబ్. గో భాష వాళ్లయితే కోడ్‌ను సర్దే పనిముట్టునే చేతికిచ్చి గొడవ తెంచేశారు. యంత్రం సర్దేదానికి మనుషులు నోరు చేసుకోవద్దన్నది నా పాత పాటే, మీకు తెలుసు.

నా రెండో పాట: పేర్లు చక్కగా పెట్టుకుంటే కోడ్‌కు వివరణగా రాసే కామెంట్లు అక్కర్లేదు. దానికే ఈసారి దెబ్బ తగిలింది.

ఊళ్ల జాబితా వీళ్లు 2011 జనాభా లెక్కల నుంచి తెచ్చుకున్నారు. అందులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ మహబూబ్‌నగర్ కిందే, జిల్లా సంఖ్య 538. అందుకే ప్రోగ్రామ్‌లో ఒక షరతు ఉంది: 538 కనిపిస్తే మండలం చూసి ఊరిని కొత్త జిల్లాకు పంపు. గద్వాల అబ్బాయికి అది పనికిరాని లైనులా కనిపించి తీసేశాడు. తెల్లారేసరికి మూడు జిల్లాల చెరువులూ మహబూబ్‌నగర్‌లో కలిసిపోయాయి.

ఆ అంకెకు ఎంత మంచి పేరు పెట్టినా అది ఎందుకుందో పేరు చెప్పలేదు. మా పిల్ల లైను తిరిగి పెట్టి, పైన తెలుగులోనే రాసింది: ‘దీన్ని తియ్యొద్దు. 2011 లెక్కల్ల మనమంత ఒకటే జిల్లా. విడిపోయింది 2016 అక్టోబరు 11న.’

‘కామెంట్లు ఇంగ్లీషులనే రాయాలనుకున్నం గదా’ అని వనపర్తి అబ్బాయి అడ్డం తిరిగాడు.

‘నువ్వే చెప్పు మామా’ అంది మా పిల్ల.

నియమం అంటే నియమమే అనే మనిషిని నేను. పైగా పెప్ 8 కూడా వాడివైపే: మీ భాష రానివాళ్లెవరూ ఈ కోడ్ చదవరని 120 శాతం నమ్మకముంటే తప్ప ఇంగ్లీషులోనే రాయమంటుంది. అయినా తెలుగు కామెంటు కదపొద్దన్నాను. తీసేసిన గద్వాల అబ్బాయికి అది ఒక్క చూపులో అర్థమైంది మరి. కింద ఇంగ్లీషులో ఒక లైను చేర్చమన్నాను.

వనపర్తి అబ్బాయి ఒప్పుకోలేదు. రేపు ఒకటి మార్చి రెండోది మరిచిపోతే ఏది నమ్మాలని అడుగుతున్నాడు. అడిగేది సబబే.