పారేయక్కర్లేని రొట్టె

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో జొన్నరొట్టె తట్టే ఆడవాళ్ల పనితనం చూసి తీరాలి. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మరిగే నీళ్లు పోసి అరచేత్తో గట్టిగా మర్దిస్తేనే ముద్ద మాట వింటుంది. ఇక తడుతూ, తిప్పుతూ పలుచగా పరుస్తారు. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో ఒక్క తుడుపు, పొడిపిండి పోతుంది. మెత్తటి రొట్టె ఆ పూటకే. తేమంతా పోయి కరకరలాడేలా కాల్చిందైతే రోజుల తరబడి నిలుస్తుంది. సుగ్గికని (కోతల పనికని) గుంటూరు మిరప చేలకు వలసపోయేవాళ్లకైనా, దసరా రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవంలో తెల్లవార్లూ మేలుకునేవాళ్లకైనా ఇంతకంటే నమ్మకమైన సద్ది ఏముంటుంది? విరిగిన ముక్కలు మజ్జిగలో నానేస్తే, పక్కన ఉల్లిపాయ ఉంటే, మరో పూట గడిచినట్టే. ఫ్రిజ్‌లు అమ్మేవాళ్లకు ఈ రొట్టె నచ్చకపోవచ్చు.