తోటకు జన్నత్ అనే పేరు: ఒక పరిశీలన

హైదరాబాదు పాత నగరపు తోటలను గూర్చి వ్రాసేవారిలో పెక్కుమంది ఒకే మాటతో ఆరంభిస్తారు. హిజ్రీ 1000లో (క్రీ.శ. 1591) ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా ఈ నగరాన్ని భూలోక జన్నత్‌గా కట్టించాడనీ, రూపకల్పన చేసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఖుర్ఆన్‌లోని వనాలనే నమూనాగా గ్రహించాడనీ ఆ మాట. వినడానికి ఇది ఇంపుగానే ఉంటుంది. అయితే దీన్ని పదే పదే చెప్పడం వల్ల తోట కనుమరుగై, ఉపమానం ఒక్కటే మిగులుతున్నది.

నాలుగు భాగాల తోట, అంటే చార్‌బాగ్, ఇస్లాం ఆవిర్భావానికి వెయ్యేండ్లకు పైగా పూర్వమే ఇరాన్‌లో పునాదులు గలది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో సైరస్ చక్రవర్తి కట్టించిన పసర్గాదే రాజోద్యానంలో రాతి కాలువలు త్రవ్వకాలలో బయటపడ్డాయి. ఖుర్ఆన్‌లో రెండు చోట్ల (18:107, 23:11) వచ్చిన ‘ఫిర్దౌస్’ అనే పదం సైతం ప్రాచీన ఇరానీ భాష నుండి వచ్చినదే. ప్రహరీ గల తోట అని దాని మూలార్థం. కాబట్టి ముస్లింలు జన్నత్‌ను చూచి తోట వేయడం నేర్చుకున్నారనడం కంటే, ఎండ భూముల మనిషికి తెలిసిన తోట ద్వారానే జన్నత్ వర్ణన అతని మనసుకు అందిందనడం సబబు. 2008లో వెలువడిన ‘ఇస్లామిక్ గార్డెన్స్ అండ్ లాండ్‌స్కేప్స్’ గ్రంథంలో ఫెయిర్‌చైల్డ్ రగిల్స్ తొలికాలపు ముస్లిం తోటలను ముందుగా నీటిపారుదల, సేద్యం, రాజ్యాధికారం దృష్ట్యా చదవాలని వాదించడంలో న్యాయం ఉన్నది. దీనికి పూర్తిగా అవతలి కొసన, 1979లో వేన్ బెగ్లీ తాజ్‌మహల్‌ను ఇబ్నె అరబీ ‘ఫుతూహాత్’లోని ఒక పటంతో జోడించి, సమాధిని ఏకంగా దైవ సింహాసనానికి ప్రతీకగా చెప్పాడు. పాండిత్యం ఉండవచ్చు. కాని ఆ పటం షాజహాన్ శిల్పుల చేతిలో ఉండెననడానికి ఊహ తప్ప ఆధారం చూపలేదు.

తెలుగు పాఠకునికి ఇంకొక చిక్కు ఉన్నది. అరబీలో ‘జన్నత్’ అంటే చెట్ల దట్టపు నీడ కప్పిన తోట. ఖుర్ఆన్ పరలోక వనానికీ, ఇహలోకపు తోటకూ ఈ ఒక్క పదాన్నే వాడింది. తెలుగు అనువాదాలలో మొదటిది తరచు ‘స్వర్గం’ అవుతుంది, రెండవది ‘తోట’ అవుతుంది. రెంటి మధ్యనున్న బంధం అక్కడే తెగిపోతుంది. ‘స్వర్గం’ అనగానే ఇంద్రసభ గుర్తుకు వచ్చే భాషలో నీడ, నీరు, పండు వెనుకబడిపోవడం సహజమే. అనువాదకులను తప్పుపట్టి ప్రయోజనం లేదు, ఇంతకంటే మంచి మాట దొరకడం కష్టం. అయినా నష్టం నష్టమే.

ఎందుకంటే ఖుర్ఆన్‌లో భూమిపై జన్నత్ పలుచోట్ల పరీక్షా స్థలంగానే కనబడుతుంది. కహఫ్ సూరాలో ద్రాక్షతోటలు రెండింటికి యజమాని అయినవాడు ఇది ఎన్నటికీ నశించదని విర్రవీగాడు. సబా జాతి తోటలు కట్ట తెగిన వరదకు పోయి చేదు కాయల పొదలు మిగిలాయి. ఖలమ్ సూరాలోని తోటవారి సంగతి మరీ సూటిగా ఉంటుంది. బీదవాడొక్కడూ లోపలికి రాకుండా తెల్లవారగానే పండ్లు కోసుకుందామని వారు ప్రమాణం చేసుకున్నారు. రాత్రికి రాత్రే తోట మాడిపోయింది. జన్నత్‌కు పోటీగా షద్దాద్ వనం కట్టించాడన్న ఇరమ్ కథను ఇబ్నె ఖల్దూన్ కట్టుకథగా త్రోసిపుచ్చాడు. అయినా ఆ కథలో పోటీదారుడు నాయకుడు కాదు, శిక్షకు గురైన గర్విష్ఠి. రాజు భూమిపై జన్నత్ కట్టించాడని మెచ్చుకునేవారు ఈ సంగతిని మరచిపోతారు. తాజ్ సింహద్వారంపై అల్ ఫజ్ర్ సూరా పూర్తిగా చెక్కబడి ఉన్నది. వ్యాఖ్యాతలు దాని చివర గల స్వాగతాన్ని ఉదాహరిస్తారు. అదే సూరాలో ఇరమ్ ప్రస్తావన ఉన్నది; అనాథను ఆదరించని, పేదకు అన్నం పెట్టమని ప్రోత్సహించని వారిపై అధిక్షేపణా ఉన్నది. వాటిని దాటి గాని స్వాగతం రాదు.

తిరిగి హైదరాబాదుకు వస్తే, నగర నిర్మాతే స్వయంగా కవి. డాక్టర్ జోర్ 1940లో ప్రకటించిన ‘కుల్లియాత్’లో బాగె ముహమ్మద్‌షాహీపై కవిత కలదు. అందులో కంటికి ముందుగా నిలిచేవి పండ్లు: ద్రాక్ష, దానిమ్మలతో పాటు కొబ్బరి, పోక, నేరేడు. ఇవి ఇరాన్ పటంలోని చెట్లు కావు. తెలుగునేలపై పెరిగిన తోటను దక్కనీ భాషలో మెచ్చుకున్నవాడిని చార్‌బాగ్ కొలతలకు కుదించడం అన్యాయం.

ఆ చెట్లకు నీరు కావాలి. గోల్కొండ దాపున ఇబ్రాహీంబాగ్‌లో ఖుతుబ్‌షాహీ సమాధుల చుట్టూ మెట్లబావులు ఉన్నాయి. వాటిలో పెద్దదైన బడీ బావ్లీ 2013 వానలకు కొంతమేర కూలింది. ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు దాన్ని రాయి రాయిగా తిరిగి కట్టించింది. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. ఈ బావులలో నిలిచే వాననీటిని ఆవరణలోని మొక్కలకు వాడుతున్నారు. భూలోక జన్నత్‌పై వ్రాసే వ్యాసాలలో సమాధుల గుంబదులకు పేజీలకు పేజీలు దొరుకుతాయి. ఈ బావులకు ఒక వాక్యం దొరికితే గొప్ప.