చీటీ వచ్చినది, చిత్రము రాలేదు

సెల్ ఫోనులో ఫోటో వెళ్లకపోతే మనము సాధారణముగా చెప్పుకొనే కారణము ఒక్కటే: సిగ్నలు లేదు. ఎదుటి మేడమీద టవరు నిలిచి ఉన్నా, అదే ఫోనులో అవతలి మనిషి గొంతు గంట కొట్టినట్లు వినబడుతున్నా, ఈ మాట చెప్పి ఊరుకుంటాము. తరగతిలో పిల్లలు అడిగినప్పుడు కొందరు ఉపాధ్యాయులు కూడ ఇదే సమాధానము ఇస్తారు. మరికొందరు "నీకు ఫోను వాడడము రాదు" అని తేల్చివేస్తారు. ఈ రెండు సమాధానములూ చాలవరకు తప్పు. ఎం.ఎం.ఎస్. అనే పేరుతో 2002లో వాడుకలోకి వచ్చిన చిత్రసందేశము అంతగా మొరాయించుటకు కారణము రేడియో తరంగములలోనూ లేదు, వాడేవారి తెలివిలోనూ లేదు. అది ఆ ఏర్పాటులోనే ఉన్నది.

ప్రకృతి నియమమును ఎవరూ విమర్శించలేరు. గురుత్వాకర్షణతో మనకు పేచీ లేదు. కాని కొందరు నిపుణులు ఒకచోట కూర్చుండి నిర్ణయించిన ఏర్పాటు మనుష్యుల పని. గ్రంథమును విమర్శించినట్లే దానిని కూడ గుణదోషములు ఎంచి విమర్శించవచ్చును. విజ్ఞానశాస్త్రము చదువుకొనేవారు ఆ పని చేయవలెను కూడ.

ఉదాహరణకు హైదరాబాదులో ఒక చోటు తీసికొందాము. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణను ఆనుకొని మాణికేశ్వర్ నగర్ ఉన్నది. వడ్డెర బస్తీ అని కూడ దానిని పిలుస్తారు. ఒక వంక ఆర్ట్స్ కళాశాల రాతి కట్టడము, మరొక వంక తార్నాక పరిశోధనాలయములు. నడుమ ఇరుకు సందులు, ఒకదాని నొకటి ఒరసుకొన్న ఇళ్లు. టవర్లకు కొరత గల ప్రాంతము కాదు. ఈ బస్తీలోని ఒక విద్యార్థి 2005 ప్రాంతములో తన నోటుపుస్తకములోని ఒక పుటను ఫోటో తీసి, తార్నాకలోని మిత్రునికి పంపినాడనుకొందాము. నడిచిపోయి ఇచ్చి రాగల దూరమే. ఐనను ఆ చిత్రము ఎంత తిరిగి పోవలెనో చూడండి.

ముందుగా, చిత్రము మామూలు మెసేజిలో ఎందుకు పోదో తెలిసికోవలెను. సంక్షిప్త సందేశము, అనగా ఎస్.ఎం.ఎస్., మొట్టమొదట 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో పంపబడినది. ఫోనుకూ టవరుకూ మధ్య మాటలు నడిచే దారి వేరు, "నేను ఇక్కడ ఉన్నాను, నాకు కాల్ వచ్చినదా" అని ఫోను పలకరించే దారి వేరు. ఆ రెండవ దారిలో ఖాళీగా ఉన్న సందులో ఎస్.ఎం.ఎస్.ను దూర్చినారు. అందుచేత దానికి దొరికిన చోటు 140 బైట్లు మాత్రమే. ఇంగ్లీషు అక్షరమునకు 7 బిట్ల చొప్పున లెక్కిస్తే 160 అక్షరములు పడతాయి. తెలుగుకు ఒక్కొక్క సంకేతమునకు 16 బిట్లు కావలెను గనుక 70 సంకేతములే పడతాయి. పైగా మన కంటికి ఒకే అక్షరముగా కనబడే "స్త్రీ"కి ఆరు సంకేతములు! అంతకంటె పెద్ద చిక్కు, ఆనాటి చాల ఫోనులలో తెలుగు లిపియే లేదు. తెలుగులో పంపితే అవతల గళ్లు కనబడేవి. ఫోనులన్నీ భారతీయ భాషలను చూపవలెనని మన ప్రభుత్వము ఆదేశించినది 2016లో. కాబట్టి ఇంగ్లీషువానికి చిత్రసందేశము ఒక వినోదమైతే, తెలుగువానికి అది తన లిపిని చేరవేయగల వాహనము. చేతితో వ్రాసి, ఫోటో తీసి పంపితే చాలును, ఏ లిపియైనా పోతుంది. ఈ సంగతిని ఆ రోజులలో ఎవరూ తగినంతగా గుర్తించలేదనిపిస్తుంది.

ఎస్.ఎం.ఎస్.లోనే చిత్రమును పంపే ప్రయత్నము జరగకపోలేదు. నోకియా ఫోనులలో 72 చుక్కల వెడల్పు, 28 చుక్కల ఎత్తు గల నలుపు-తెలుపు బొమ్మలు ఉండేవి. 72ను 28తో గుణిస్తే 2016 చుక్కలు. చుక్కకు ఒక బిట్టు చొప్పున 252 బైట్లు. 140 బైట్ల సంచిలో ఇది పట్టదు గనుక ముక్కలు చేసి పంపేవారు. గులాబి పువ్వు, పుట్టినరోజు కేకు, అంతవరకే. నోటుపుస్తకపు పుట ఇందులో ఇమడదు.

కెమెరా ఫోటో లెక్క వేరు. 640 నిలువు వరుసలు, 480 అడ్డు వరుసలు గల చిన్న ఫోటోలో 3,07,200 బిందువులు ఉంటాయి. బిందువునకు మూడు బైట్ల రంగు. మొత్తము 9,21,600 బైట్లు. దీనిని జేపెగ్ పద్ధతిలో కుదిస్తారు. చిత్రమును ఎనిమిదికి ఎనిమిది బిందువుల గళ్లుగా విభజించి, ప్రతి గడిలోనూ కంటికి అంతగా ఆనని సన్నని మార్పులను వదలివేయడమే ఆ పద్ధతి. మనిషి ముఖమునకు దీనివలన పెద్ద నష్టము లేదు. చేతివ్రాతకు ఉన్నది. వత్తులు, తలకట్లు, పొల్లు సన్నని మార్పులే గదా! చిత్రసందేశపు ప్రమాణములలో చిన్న తరగతి చిత్రమునకు 30 కిలోబైట్లు, పెద్ద తరగతికి 100 కిలోబైట్లు హద్దు పెట్టినారు. ఆనాటి జి.పి.ఆర్.ఎస్. దారిలో ఒక కాలవిభాగము సెకనుకు 13.4 కిలోబిట్లు మోసేది. ఫోనుకు రెండు విభాగములు దొరికితే 100 కిలోబైట్లు పైకి పోవడమునకు అర నిమిషము, ఒకటే దొరికితే నిమిషము. ఇది భౌతికమైన పరిమితి. దీనికి ఎవరినీ తప్పు పట్టను.

ఇక అసలు దారి. మన విద్యార్థి పంపిన చిత్రము తిన్నగా మిత్రుని ఫోనుకు పోదు. కంపెనీవారి చిత్రసందేశ కేంద్రమునకు పోయి అక్కడ నిలుస్తుంది. ఆ కేంద్రము మిత్రునికి ఒక చీటీ పంపుతుంది. "ఫలానావారి నుండి మీకు ఇంత పరిమాణము గల చిత్రము వచ్చినది, ఫలానా చోట ఉన్నది, ఇంత గడువులోగా తీసికొనవలెను" అని అందులో ఉంటుంది. ఈ చీటీ వచ్చేది ఎస్.ఎం.ఎస్. దారినే. దానిని చదివిన మిత్రుని ఫోను తానే మరొక దారిన కేంద్రమునకు పోయి చిత్రమును తెచ్చుకొనవలెను. పోస్టుమాను పార్సెలును ఇంటికి తేక, పోస్టాఫీసుకు వచ్చి తీసికొమ్మని కాగితము ఇచ్చి పోవడము వంటిది ఇది.

ఇప్పుడు ఆలోచించండి. విద్యార్థి ఫోను "పంపబడినది" అంటుంది. చిత్రము కేంద్రమునకు చేరినది గనుక అది నిజమే. మిత్రుని ఫోనులో చీటీ కనబడుతుంది, చిత్రము తెరుచుకోదు. అదీ నిజమే. పంపినానని ఒకడు, రాలేదని మరొకడు తగవులాడుకుంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడము లేదు. గడువు తీరితే కేంద్రము చిత్రమును పారవేస్తుంది.

చిత్రము ఎందుకు తెరుచుకోలేదు? చీటీ వచ్చిన దారి సిమ్ వేసిన ప్రతి ఫోనుకూ పుట్టుకతో తెలుసు. చిత్రమును తెచ్చుకొనే దారి తెలియదు. దానిని ఎవరో చెప్పవలెను. ప్రవేశద్వారము పేరు, కేంద్రపు చిరునామా, నడుమ నిలిచే ద్వారపాలకయంత్రము చిరునామా, దాని రేవు సంఖ్య, ఇవన్నీ ఫోనులో ఒక్క చుక్క కూడ తప్పకుండ వ్రాయవలెను. వాడుకలో వీటినే సెట్టింగులంటారు. కంపెనీ మారితే ఇవీ మారతాయి. వీటిలో చాలవరకు 10తో మొదలయ్యే సంఖ్యాచిరునామాలు వాడేవారు. అవి కంపెనీ ఇంటిలోపలి గదుల సంఖ్యల వంటివి, బయటి అంతర్జాలములో వాటికి అర్థము లేదు. ఫోనులో ఇంటర్నెట్టు చక్కగా వస్తున్నా ఎం.ఎం.ఎస్. పోకపోవడమునకు ఇదే కారణము. రెండింటి ద్వారములు వేరు. వైఫై దారిన పోయినవానికి ఆ లోపలి గది సాధారణముగా దొరకదు. రెండు సిమ్‌లు గల ఫోనులో డేటా ఒక సిమ్‌కు ఇచ్చి, చిత్రసందేశము రెండవ సిమ్‌కు వచ్చినా అంతే.

ఈ ఏర్పాటుపై నా మొదటి ఆక్షేపణ ఇక్కడనే. తన ఇంటి గదుల సంఖ్యలను కంపెనీ తానే చూచుకొనక, వాడుకదారుని ఫోనులో వ్రాయించడమెందుకు? నిపుణులకు ఈ ఇబ్బంది తెలియకపోలేదు. అందుకే సెట్టింగులను కూడ మెసేజిగా పంపే ఉపాయము కనిపెట్టినారు. ఆ మెసేజి వచ్చినప్పుడు ఫోను పిన్ అడుగుతుంది. చాల చోట్ల అది 1234. ఐతే ఇది పనిచేయవలెనంటే మీ ఫోను ఏ నమూనాయో కంపెనీకి తెలియవలెను. ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యలోని మొదటి అంకెలు ఆ సంగతి చెప్పుతాయి. పేరుపొందిన తయారీదారుల నమూనాలు కంపెనీ జాబితాలో ఉంటాయి. చవుకగా దొరికే ఊరూ పేరూ లేని ఫోనుకు ఆ జాబితాలో చోటెక్కడిది? కొన్నింటికి ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యయే ఉండేది కాదు. అట్టి ఫోనులకు 2009 నవంబరు ఆఖరున దేశములో సేవ నిలిపివేసినారు. ఖరీదైన ఫోను కొన్నవానికి సెట్టింగులు వాటంతట అవే వచ్చినవి. చవుక ఫోను కొన్నవాడు జగదీశ్ మార్కెట్టు వంటి చోట దుకాణదారుని బతిమాలి ఎక్కించుకొనవలసి వచ్చినది. ఏర్పాటు కష్టమైన కొలదీ ఆ కష్టము ఎవరి నెత్తిన పడుతుందో దీనినిబట్టి తెలుస్తుంది. "ఫోను వాడడము రాదు" అనే నింద కూడ వారికే.

రెండవ ఆక్షేపణ మౌనము గురించి. చిత్రమును నిరాకరించినప్పుడు కేంద్రము చెప్పవలసిన కారణములను ప్రమాణములలో విడివిడిగా నిర్ణయించినారు: సేవకు అనుమతి లేదు, చిరునామా పోల్చలేకపోతిమి, జాలములో లోపము, ఇట్లా. అంత శ్రద్ధగా వ్రాసిన కారణములను చాల ఫోనులు మింగివేసి "విఫలమైనది" అనే ఒక్క మాట చూపేవి. ద్వారపాలకుని చిరునామాయే తప్పైతే కేంద్రము వరకు పోవడమే జరగదు గనుక ఆ మాట మాత్రమే గతి, అది వేరు. మిగిలిన సందర్భములలో కారణము తెలిసి ఉండి చెప్పకపోవడము, నా దృష్టిలో, ఈ ఏర్పాటులోని దోషములన్నింటిలో పెద్దది. ప్రయోగశాలలో ప్రయోగము చెడితే ఎందుకు చెడినదో వెదకమని పిల్లలకు నేర్పుతాము. ఈ యంత్రము ఆ వెదుకులాటకు తావు లేకుండ చేసినది.

గుణములు లేవా? ఉన్నవి. మార్చి 2002లో నార్వేలో టెలినార్ కంపెనీ ఈ సేవను ప్రారంభించినప్పటి నుండి ఇది ఏ ఒక్కరి సొత్తూ కాదు. అందరూ చదువుకోగల ప్రమాణము. ఏ తయారీదారుని ఫోనైనా, ఏ కంపెనీ సిమ్ అయినా, కంపెనీల మధ్య ఒప్పందముంటే అవతలివాని ఫోను నంబరు ఒక్కటి తెలిస్తే చాలును. తపాలా వ్యవస్థలో ఉన్న ఉదారగుణమే ఇది.

2009లో వచ్చిన వాట్సాప్ ఈ చిక్కులను తొలగించినదని అందరూ అంటారు. ఎట్లా తొలగించినదో చెప్పేవారు తక్కువ. చీటీ పద్ధతిని విడిచిపెట్టి కాదు! వాట్సాప్‌లో కూడ చిత్రము ముందు ఒక కేంద్రమునకు పోతుంది, మీకు చీటీ వస్తుంది, మీ ఫోను పోయి తెచ్చుకొంటుంది. తానే దించుకొనే ఏర్పాటు ఆపివేసి చూస్తే, మసకగా ఒక చిన్న బొమ్మ, దానిపై పరిమాణము కనబడతాయి. అదే ఆ చీటీ. తేడా ఒక్కటే. దారి అందరికీ ఉన్న ఇంటర్నెట్టు. కేంద్రపు చిరునామా ప్రోగ్రాములోనే వ్రాసి ఉన్నది. వాడుకదారుడు ఏమీ వ్రాయనక్కరలేదు. కనుక చీటీ తప్పు కాదని, చిరునామాను ఎవరి చేతిలో పెట్టినారన్నదే తప్పని ఇక్కడ రుజువైనది. కాని దీనికి మారుగా మనము ఇచ్చుకొన్నది కూడ ఉన్నది. పంపేవారు, అందుకొనేవారు ఇద్దరూ ఒకే సంస్థ ఇంటికి రావలెను. ఆ సంస్థను 2014లో ఫేస్‌బుక్ కొన్నది. తపాలా వంటి ఉదారగుణము పోయినది.

అమెరికాలో ఎం.ఎం.ఎస్. ఎక్కువకాలము నిలిచినది. అక్కడి మన తెలుగు కుటుంబములలో ఐఫోను గలవారు ఆండ్రాయిడు గలవారికి మామూలు మెసేజిలో పంపిన పెండ్లి ఫోటోలు నలిగి మసకబారి చేరడము ఈ కుదింపు వలననే. ఆర్.సి.ఎస్. అనే కొత్త ప్రమాణమును ఆపిల్ 2024లో అంగీకరించిన తరువాత ఆ ఇబ్బంది తగ్గినది.

మన విద్యార్థి నోటుపుస్తకము ఏమైనది? 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు మొదలైనప్పుడు, ఇంటిపని ఫోటోలుగా వాట్సాప్‌లో ఉపాధ్యాయులకు చేరసాగినది. సెట్టింగుల బాధ లేదు. జేపెగ్ బాధ ఉన్నది. పెన్సిలుతో వ్రాసిన పుటను మసక వెలుతురులో తీసి పంపితే, దారిలో మరొకసారి కుదించబడి, వత్తులు కలిసిపోయి వస్తుంది. "అచ్చుతప్పులు" అని మార్కులు తీసివేసేముందు ఆ తప్పు పిల్లవానిదా, ఎనిమిదికి ఎనిమిది గడిదా అని చూడడము న్యాయము.

దీనిని తరగతిలోనే పరీక్షించవచ్చును. నల్లబల్లపై క్ష్మ, స్త్ర, జ్ఞ వంటి అక్షరములను పెద్దవిగా, చిన్నవిగా వ్రాసి ఒకే ఫోటో తీయండి. దానిని వాట్సాప్‌లో ఒకసారి ఫోటోగా, మరొకసారి డాక్యుమెంటుగా పంపండి. రెండవ పద్ధతిలో కుదింపు ఉండదు. అవతలి ఫోనులో రెండింటి పరిమాణములను కిలోబైట్లలో వ్రాసికొని, పెద్దది చేసి, ఏ అక్షరము ఎక్కడ చెరిగిపోయినదో పోల్చండి. ఫోను చేతిలో ఉండగానే మొబైలు నెట్‌వర్కు సెట్టింగులలో ప్రవేశద్వారముల పేర్ల పట్టికను కూడ పిల్లలకు చూపండి, దేనినీ మార్చవద్దు. ఎం.ఎం.ఎస్. కేంద్రము, ఎం.ఎం.ఎస్. ప్రాక్సీ, ఎం.ఎం.ఎస్. పోర్టు అనే మూడు గడులు నేటి ఆండ్రాయిడు ఫోనులలో కూడ అక్కడనే ఉన్నవి, తరచు ఖాళీగా.