కన్నున్న తోటమాలి

తీగ గులాబీల్లో పాతరకాలు చాలావరకు ఏడాదికి ఒక్కసారే పూస్తాయి. అమెరికాలో డాక్టర్ వాల్టర్ వాన్ ఫ్లీట్ పెంచిన లేత గులాబీరంగు తీగదీ అదే తీరు. వేసవి మొదట్లో విరగబూసి, ఆపైన ఆకులతో సరిపెట్టేది. అదే రకంలో ఒక తీగ మాత్రం పూత ఆపలేదు. న్యూజెర్సీ తోటమాలి హెన్రీ బోసెన్‌బర్గ్ దాన్ని పట్టుకున్నాడు. ప్రకృతి చేసిన చిన్న మార్పే అది. కానీ పచ్చటి గుబురులో దాన్ని గుర్తుపట్టడం పనితనం. అలా వచ్చిన 'న్యూ డాన్'కే 1931లో ప్రపంచంలో తొలి మొక్క పేటెంట్ దక్కింది.

గుర్తిస్తే సరిపోదు, నిలబెట్టాలి. విత్తనం వేస్తే తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే అంటు. నాటు గులాబీ కాండం మీద ఇంగ్లిషు 'టి' ఆకారంలో గాటు పెట్టి, బెరడు మెల్లగా విప్పి, మంచి తీగ నుంచి తీసిన కన్నును అందులోకి జార్చి, గాలి చొరకుండా కట్టేస్తారు. కన్ను ఎండేలోపే పని ముగియాలి.

ఇవాళ మళ్లీ మళ్లీ పూసే తీగ గులాబీలు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటికి న్యూ డాన్ పూర్వీకురాలు. నర్సరీలో మొక్క ధర బేరమాడే ముందు, ఆ కన్ను కట్టిన చేతిని ఒక్కసారి తలచుకోండి.