నిదానంగా నడిచే బల్ల

ఆన్‌లైన్‌లో అయిదు, పది సెంట్ల బ్లైండ్స్‌తో (ముక్కలు పంచకముందే కట్టాల్సిన పందేలు) పోకర్ ఆడి నెగ్గుకొస్తున్నవాడు లాస్ వేగాస్‌లో ఒకటి-రెండు డాలర్ల బల్ల ముందు కూర్చుంటే, పందెం ఇరవై రెట్లు పెద్దది, ఎదుటివాళ్ల ఆట మాత్రం తనకన్నా నాసిగా కనిపిస్తుంది. రైజ్ చేయాల్సిన (పందెం పెంచాల్సిన) ముక్కలతో ఊరికే కాల్ చేస్తారు (ఉన్న పందేనికి సరిపడా కడతారు). పడేయాల్సినవి చివరిదాకా పట్టుకుంటారు. ఆ అంచనా చాలావరకు నిజమే. అయితే అక్కడ అసలు మారేది ఆటగాళ్లు కాదు, వేగం. తక్కిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం అదే.

తెర మీద నాలుగు బల్లలు తెరిచి ఆడేవాడు గంటలో సుమారు 280 పంపకాలు చూస్తాడు. డీలర్ చేత్తో కలిపి పంచే బల్ల మీద ముప్ఫై దాటడం అరుదు. వంద పంపకాలకు అయిదు బిగ్ బ్లైండ్లు (ఇక్కడ ఒక్కోటి రెండు డాలర్లు) మిగుల్చుకోగల ఆటగాణ్ణి తీసుకుందాం. పది వేల పంపకాలకు అతనికి న్యాయంగా రావాల్సింది వెయ్యి డాలర్లు. నోలిమిట్ హోల్డెమ్‌లో సహజమైన ఒడిదుడుకు మాత్రం అన్ని పంపకాలకు దాదాపు రెండు వేల డాలర్లుంటుంది. అంటే బాగా ఆడినా నష్టంతో లేచే అవకాశం మూడింట ఒక వంతు దాకా ఉంది. ఆన్‌లైన్‌లో ఈ పది వేలు ఒకటి రెండు వారాల పని. బల్ల దగ్గర 330 గంటలు పైమాటే. అన్నాళ్లూ తన ఆట మంచిదో కాదో ఫలితం చూసి తేల్చుకోలేడు. పైగా విసుగొకటి. అరగంటగా ముక్కలు పడేస్తూ కూర్చున్నవాడికి రాజు-తొమ్మిది కూడా రాజయోగంలా కనిపిస్తుంది.

ఎదుటివాళ్లు ఊరికే కాల్ చేస్తారు కాబట్టి ముందు మార్చుకోవాల్సింది పందెం కొలత. తెర మీద రెండున్నర బిగ్ బ్లైండ్ల రైజ్‌కు చాలామంది తప్పుకుంటారు; ఇక్కడ అదే రైజ్ వేస్తే నలుగురు కాల్ చేస్తారు. అందుకే పది, పన్నెండు డాలర్లకు పెంచడం, ముందే ఊరికే కాల్ చేసినవాళ్లుంటే ఒక్కొక్కరికీ మరో రెండు డాలర్లు కలపడం మామూలు. కాల్ చేయడానికే వచ్చినవాడి ముందు బ్లఫ్ దండగ. బలమైన ముక్కలున్నప్పుడు పెద్ద పందెం కట్టి డబ్బు రాబట్టుకోవడమే ఇక్కడి పద్ధతి. చేతి పనీ నేర్వాలి. ఎదుటివాడు అయిదు డాలర్లు కట్టినప్పుడు మీరు మాట్లాడకుండా ఒక్క పాతిక డాలర్ల చిప్ ముందుకు తోస్తే అది రైజ్ కాదు, కాల్. డీలర్ ఇరవై డాలర్లు వెనక్కి ఇచ్చేస్తాడు. ముందు నోటితో “రైజ్” అనాలి. అన్నాక తిరుగులేదు. పాట్‌లో ఎంతుందో తెర మీదలా ఎవరూ చూపించరు, మీరే లెక్కపెట్టుకోవాలి.

ఈ తీరిక వేళలో మనుషుల్ని చదవచ్చంటారు. మైక్ కారో 1984లో దీనిమీద ఒక పుస్తకమే రాశాడు. కానీ సినిమాలు నేర్పినట్టు ముఖం చూస్తూ కూర్చోవడం దండగేనేమో. 2013లో మనస్తత్వ శాస్త్రవేత్త మైఖేల్ స్లెపియన్ బృందం 2009 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఆటగాళ్ల వీడియోలు విద్యార్థులకు చూపించింది. ముఖాలు మాత్రమే చూసినవాళ్ల అంచనాలు గుడ్డిగా చెప్పినదానికన్నా అధ్వానంగా వచ్చాయి. చిప్స్ తోసే చేతులు చూసినవాళ్లు మెరుగ్గా చెప్పారు. ఒక్క ప్రయోగంతో అంతా తేలిపోదు గానీ, చూపు ఎక్కడ నిలపాలో సూచన దొరికింది.

ఇంత బలహీనమైన ఆటగాళ్లుంటే నిదానమైతేనేం, లాభమేగా అనవచ్చు. క్యాసినో కోతను (రేక్) మరిచిపోతేనే ఆ మాట నిలుస్తుంది. పంపకానికి సగటున నాలుగు డాలర్ల రేక్ అనుకుంటే గంటకు 120. తొమ్మిది మందికి పంచితే తలా పదమూడు, అంటే ఆరు బిగ్ బ్లైండ్లకు పైనే. గెలిచిన ప్రతిసారీ డీలర్‌కు ఇచ్చే డాలర్ దీనికి అదనం. ఎదుటివాడి తప్పుల్లోంచి ముందు ఇదంతా పోవాలి. ఏం చెప్పినా జూదం జూదమే అనేవాళ్ల మాటా కొట్టిపారేయలేం: పై లెక్కలో బాగా ఆడినవాడికీ నష్టపోయే అవకాశం మూడింట ఒక వంతు దాకా ఉంది. పంపకాలు పెరిగేకొద్దీ అదృష్టం వాటా తగ్గుతుంది. అన్ని పంపకాలు చౌకగా చూసే చోటు ఆన్‌లైనే.

మన దగ్గర ఆ చోటే మూతపడింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ పోకర్‌ను ఆపాయి. 2025లో పార్లమెంటు చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. ఇళ్లు గుల్లవడం చూశాక చేసిన చట్టం కనుక దాన్ని తప్పుపట్టలేం. ఇప్పుడు గోవాలో మాండవి నది మీది క్యాసినోకు వెళ్లే తెలుగు కుర్రాడు మాత్రం మొదటి పాఠాలు కూడా పెద్ద పందెం బల్ల దగ్గరే నేర్చుకోవాలి, గంటకు ముప్ఫై పంపకాల చొప్పున.