ఒక టికెట్, రెండు చట్టాలు

తెనాలి, బాపట్ల, రేపల్లె వాసులకు వీధి జూదం మీది చట్టం బాగా తెలుసు. పేకాట శిబిరంపై దాడి, మట్కా చీటీల కేసు, ఏది జరిగినా 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం పేరే వినిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్లి, తెనాలి గుంటూరులోనే మిగిలినా ఈ విషయంలో మూడు ఊళ్లకూ చట్టం ఒకటే. దాని పక్కన 1998 నాటి కేంద్ర లాటరీల నియంత్రణ చట్టాన్ని పెట్టి చదివేవారు తక్కువ. చదివితే రెండింటి మీదా గౌరవం పెరుగుతుంది.

రాష్ట్ర చట్టం చోటును, మనిషిని చూస్తుంది: ఏ ఇంట్లో ఆడించారు, ఏ వీధిలో దొరికారు అని. కేంద్ర చట్టం మాత్రం టికెట్‌ను చూస్తుంది: అచ్చు వేయించిందెవరు, డ్రా ఎక్కడ తీశారు, వచ్చిన సొమ్ము ఏ ఖాతాలో పడింది అని. దాని నాలుగో సెక్షన్ ప్రకారం టికెట్ మీద రాష్ట్ర ప్రభుత్వ ముద్ర ఉండాలి, డ్రా ఆ ప్రభుత్వమే, తన రాష్ట్రంలోనే తీయాలి, ఒక లాటరీకి వారంలో ఒకటికి మించి డ్రాలు ఉండకూడదు. మొదటిది పోలీసు చూపు, రెండోది ఖజానా అధికారి చూపు.

ఈ విభజన కొత్తది కాదు. మన ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి 1930 గేమింగ్ చట్టం కూడా 'గేమింగ్' నిర్వచనంలో లాటరీని చేర్చలేదు. రాజ్యాంగం కూడా అలాగే పందేలనూ జూదాన్నీ రాష్ట్ర జాబితా 34వ అంశంలో ఉంచి, ప్రభుత్వాలు నడిపే లాటరీలను కేంద్ర జాబితా 40వ అంశంగా వేరు చేసింది.

అయినా రెండు చట్టాలకూ దగ్గరి చుట్టరికం ఉంది. 1974 చట్టం మట్కాను పేరుపెట్టి నిషేధిస్తే, 1998 చట్టం ఒంటి అంకె మీద బహుమతి ఇవ్వకూడదని తన మొదటి షరతుగానే రాసుకుంది. రోజు కూలీ సాయంత్రానికి ఒక అంకె మీద పోవడమనే బాధ రెండింటికీ తెలుసు. నా దృష్టిలో వీటిలో అన్నిటికన్నా మానవీయమైన వాక్యాలు ఇవే.

చిక్కు వచ్చేది వేరే రాష్ట్రపు టికెట్ దగ్గర. కేరళ 1967 నుంచి సొంత లాటరీ నడుపుతోంది. అక్కడ అది ఖజానాకు ఆదాయం, వీధిలో అమ్ముకునేవారికి బతుకుతెరువు. అదే టికెట్ తెనాలి బజారులో దొరికితే కేసు. కేంద్ర చట్టం ఐదో సెక్షన్ ఇతర రాష్ట్రాల టికెట్లను నిషేధించే వీలు రాష్ట్రానికి ఇచ్చింది. అయితే తన లాటరీ తాను నడుపుకుంటూ పక్కవాడి టికెట్‌ను ఆపడం కుదరదని 1999లో బి.ఆర్. ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. సొంత లాటరీ లేని ఆంధ్రప్రదేశ్‌కు ఆ నైతిక హక్కు ఉంది. ఢిల్లీ చట్టం రాష్ట్రం మాటకు ఇంత చోటివ్వడం నాకు నచ్చింది.

ఆ చోటు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం దగ్గరే ఆగిపోయింది, మున్సిపాలిటీ దాకా రాలేదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్ పట్టణ సభలకు 18 పనులు చెప్పింది. వాటిలో జూదం గానీ లాటరీ గానీ లేదు. ఇంగ్లండులో 2005 జూద చట్టం కింద చిన్న సంఘాలు నడిపే లాటరీలను నమోదు చేసేది స్థానిక మండలే. మనకేమో వినాయక చవితి పందిట్లో టోకెన్లు అమ్మి లడ్డూకు తీసే లక్కీ డిప్ కూడా, అనుమతి లేని లాటరీ కేంద్రాలను శిక్షించే భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ నీడలో పడుతుంది. దానికి పరిమితి పెట్టి అనుమతించే బైలా ఏ కౌన్సిల్ రాసినా ఆ సెక్షన్ ముందు నిలవదు. భక్తితో పది రూపాయల టోకెన్ కొన్నవాడినీ మట్కా ఏజెంటునూ వేరుగా గుర్తుపట్టగలిగేది ఆ వార్డు కౌన్సిలరే, కానీ చట్టంలో అతనికి నోరు లేదు.

పెద్ద లాటరీ కేంద్రం చేతిలో, దాన్ని రానివ్వాలా వద్దా అన్నది రాష్ట్రం చేతిలో ఉండటం సబబే. పండుగ టోకెన్ల వంటి చిన్నవాటిని మాత్రం, మొత్తానికి గట్టి పరిమితి పెట్టి, మున్సిపల్ కౌన్సిల్‌కు అప్పగించాలి. అందుకు పార్లమెంటు సవరణ తేవాలి. ఈ మూడు ఊళ్ల కౌన్సిళ్లు ఆ కోరికతో తీర్మానం చేసి తమ ఎంపీలకు పంపాలి.